అయాన్లు తగిలిన కార్బన్ పొర గ్రాఫైట్ అవుతుందా, చెదిరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. సిలికాన్ మీద 80 నానోమీటర్ల మందాన హైడ్రోజన్ కలిసిన వజ్రసదృశ కార్బన్ పొర వేశారు. దాని మీదికి 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల వెండి అయాన్లను చదరపు సెంటీమీటరుకు 10¹¹, 10¹², 10¹³ చొప్పున పంపారు. రామన్ వర్ణపటంలో (లేజరు కాంతితో పరమాణువుల కంపనాలను చూసే కొలతలో) డీ, జీ అనే రెండు కార్బన్ శిఖరాల నిష్పత్తి పెరిగింది, జీ శిఖరం సెంటీమీటరుకు 1540 తరంగాల నుంచి 1570 వైపు జరిగింది. మీ గైడ్ చూసి ‘గ్రాఫైట్ అవుతోంది’ అన్నారు. అదే ల్యాబ్‌లో మీ స్నేహితురాలు పలుచని గ్రాఫైట్ పొర మీదికి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ పంపితే ఆ నిష్పత్తి ముందు పెరిగి, తర్వాత పడిపోయింది. ఆమె ‘నిరాకారం అవుతోంది’ అని, అంటే పరమాణువుల వరుస చెదిరిపోతోందని రాసుకుంది. అయాను గ్రాఫైట్‌ను తయారు చేస్తుందా, పాడు చేస్తుందా, ఇద్దరిలో ఎవరు పొరబడ్డారు అని అడిగారు.

ఇద్దరూ పొరబడలేదు. అయాను కార్బన్‌కు ఎప్పుడూ ఒకే దిశ చూపిస్తుందని అనుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా అయాన్ బీమ్‌ల దగ్గర పని చేసిన మీదట నాకు కుదిరిన నమ్మకం ఒకటుంది: అయాను మొదట చేసే పని, ఆ పొరకున్న పాత అమరికను మరిపించడం. మరిచిపోయిన పరమాణువులు మళ్లీ ఎలా సర్దుకుంటాయన్నది ఆ తర్వాతి సంగతి. పొర ఎక్కడ మొదలైంది, ఎంత వేడిలో ఉంది, లోపల హైడ్రోజన్ ఎంత, అయాను తన శక్తిని ఏ దారిన వదిలింది అన్నవి దాన్ని తేలుస్తాయి. మీ ఇద్దరి పొరలూ చెరో ఒడ్డు నుంచి బయలుదేరాయి. అందుకే చెరో దిక్కుకు నడిచినట్టు కనిపిస్తున్నాయి.

సిలికాన్‌తో పోల్చి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. సిలికాన్ స్ఫటికాన్ని అయాన్లతో కొడితే నిరాకారం అవుతుంది, వేడి చేస్తే మళ్లీ స్ఫటికమవుతుంది. వెళ్లే దారి, వచ్చే దారి ఒకటే. కార్బన్‌కు రెండు ఇళ్లున్నాయి. ఒక పరమాణువు ఒకే తలంలో ముగ్గురు పొరుగువాళ్లతో బంధం కలిపితే ఎస్పీ2, నాలుగు దిక్కులా నలుగురితో కలిపితే ఎస్పీ3. మొదటిది గ్రాఫైట్, ఘన సెంటీమీటరుకు 2.26 గ్రాములు. రెండోది వజ్రం, 3.51 గ్రాములు. మనం ల్యాబ్‌లో వేసే నిరాకార పొరలన్నీ ఈ రెండిళ్ల మధ్య వీధిలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. హైడ్రోజన్ లేకుండా ఎస్పీ3 బాగా ఎక్కువగా ఉంటే దాన్ని టెట్రాహెడ్రల్ నిరాకార కార్బన్ అంటాం, దాని సాంద్రత 3 దాటుతుంది. మీ పొర లాంటి వాటిలో ఎస్పీ3 బంధాలు చాలావరకు హైడ్రోజన్ తగులుకున్నవే. ఈ తేడాను గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అయాను పొరలో దూరాక శక్తిని రెండు విధాలుగా పోగొట్టుకుంటుంది. నెమ్మదిగా వచ్చే అయాను కార్బన్ పరమాణువుల కేంద్రకాలను నేరుగా ఢీకొని వాటిని చోటు నుంచి తన్నేస్తుంది. ఎదురెదురుగా తగిలితే ఆర్గాన్ తన శక్తిలో 71 శాతం వరకు కార్బన్‌కు ఇవ్వగలదు. ఒక కార్బన్‌ను చోటు కదిలించడానికి కావలసింది కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి, తన్నులు తిన్న పరమాణువు తానూ వెళ్లి ఇంకొందరిని తన్నుతుంది. మీ స్నేహితురాలి పొరలో జరిగింది ఇదే. వేగంగా వచ్చే బరువైన అయాను అలా ఢీకొట్టేంత సేపు ఎవరి దగ్గరా ఆగదు. దారి పొడవునా ఎలక్ట్రాన్లను కుదిపి, అయనీకరించి పోతుంది. మీ వెండి అయాన్లు కార్బన్‌లో నానోమీటరుకు పది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో శక్తిని ఎలక్ట్రాన్లకు ఇస్తాయి. కేంద్రకాలకు ఇచ్చేది అందులో వందో వంతు కన్నా తక్కువ. 80 నానోమీటర్లు దాటేసరికి అవి పోగొట్టుకున్నది మొత్తం శక్తిలో నూటికి ఒక పాలు కూడా ఉండదు. మిగిలిన శక్తితో పది మైక్రోమీటర్లకు పైగా సిలికాన్‌లోకి వెళ్లి అక్కడ ఆగుతాయి. అంటే మీ పొరలో వెండి మిగలదు, అయాను నడిచిన బాట మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేతిలో ఉంచుకోండి. సాంద్రత 2 ఉన్న కార్బన్ పొరలో, ఒక నానోమీటరు మందానికి చదరపు సెంటీమీటరుకు దాదాపు 10¹⁶ పరమాణువులుంటాయి. ఇది నేను నా విద్యార్థులతో మొదటి రోజే వేయించే లెక్క. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ ఒక్కొక్కటి నానోమీటరుకు సగటున ఐదు కార్బన్లను కదిలిస్తుందనుకుందాం. 10¹⁴ అయాన్లు పడితే ప్రతి వంద పరమాణువుల్లో ఐదు కదిలాయన్నమాట. దీన్నే 0.05 డీపీఏ అంటాం, ఒక్కో పరమాణువు సగటున ఎన్నిసార్లు చోటు కదిలిందో చెప్పే కొలత. 10¹⁵ పడితే 0.5. గది ఉష్ణోగ్రత దగ్గర గ్రాఫైట్ 0.2, 0.3 డీపీఏల మధ్య తన క్రమాన్ని కోల్పోతుంది. కాబట్టి మీ స్నేహితురాలి నిష్పత్తి 10¹⁴ వరకు ఎక్కి, 10¹⁵ దగ్గర దిగిపోయిందంటే ఆశ్చర్యం లేదు. ముందు పెద్ద పలకలు చిన్న పలకలుగా చిట్లుతాయి, డీ శిఖరం పెరుగుతుంది. తర్వాత ఆ చిన్న పలకల్లోని ఆరు మూలల వలయాలే విరిగిపోతాయి. వలయాలు లేకపోతే డీ శిఖరమే ఉండదు, ఎందుకంటే అది ఆ వలయాలు ఉబ్బి కుంచించుకునే కంపనం నుంచి వచ్చేది.

అదే గ్రాఫైట్‌ను కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంచి కొట్టి చూడమనండి. అదే మోతాదుకు నిరాకారం కాదు. పొరల మధ్య ఇరుక్కున్న కార్బన్లు ఆ వేడిలో కదలగలవు, ఖాళీలను వెతుక్కుని పూడుస్తాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ ఇరుకు అలాగే నిలవ ఉండిపోతుంది, శక్తిగా. బ్రిటన్‌లోని విండ్‌స్కేల్ రియాక్టరులో 1957 అక్టోబరులో మంటలు రేగింది, న్యూట్రాన్లు గ్రాఫైట్‌లో అలా దాచిపెట్టిన శక్తిని వేడి చేసి విడిపించబోయిన సమయంలోనే. మన పలుచని పొరలో అంత శక్తి ఉండదు, కానీ లోపలి కథ అదే. అందుకే ఎవరైనా డోసు (చదరపు సెంటీమీటరుకు పడిన అయాన్ల సంఖ్య) రాసి ఉష్ణోగ్రత రాయని గ్రాఫు చూపిస్తే నేను ముందు ఉష్ణోగ్రతే అడుగుతాను.

ఇప్పుడు ఒడ్డుల సంగతి. టెట్రాహెడ్రల్ కార్బన్ పొరను అయాన్లతో కొట్టండి: ఎస్పీ3 తగ్గుతుంది, సాంద్రత పడుతుంది, పొర కాస్త ఉబ్బుతుంది, పొర వేసినప్పుడు లోపల బిగుసుకున్న గిగాపాస్కల్‌ల ఒత్తిడి సడలుతుంది. గ్లాసీ కార్బన్‌ను కొట్టండి. దాని సాంద్రత 1.5 చుట్టుపక్కల, నిండా ఎస్పీ2, లోపల సూక్ష్మమైన ఖాళీలు. ఇది ఉబ్బదు, కుదించుకుపోతుంది. బీమ్ తగిలిన చోట ఉపరితలం మెట్టులా దిగుతుంది, అరుగుదలను ముందుకన్నా బాగా తట్టుకుంటుంది. ఒకటి సాంద్రత పోగొట్టుకుంది, ఇంకొకటి పెంచుకుంది. రెండూ వచ్చి చేరింది మాత్రం దాదాపు ఒకే వీధికి, ఎస్పీ2 ఎక్కువగా ఉన్న దట్టమైన నిరాకార కార్బన్‌కు. అయాన్లు దండిగా తగిలాక ఆ పొర వజ్రం వైపు నుంచి వచ్చిందో గ్రాఫైట్ వైపు నుంచి వచ్చిందో చెప్పడం కష్టమవుతుంది. మరిపించడం అని మొదట అన్నది ఈ అర్థంలోనే.

దీన్ని కంటితో చూడాలంటే యాక్సిలరేటర్ నడిపే వాళ్ల దగ్గర స్ట్రిప్పర్ ఫాయిళ్లు అడగండి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఉన్నటువంటి టాండెం యంత్రాల్లో రుణ అయాన్లు వేగం పుంజుకుని, మధ్యలో ఉన్న టెర్మినల్‌లో ఒక పలుచని కార్బన్ రేకు గుండా దూరి, ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ధన అయాన్లుగా బయటపడతాయి. ఆ రేకు చదరపు సెంటీమీటరుకు నాలుగైదు మైక్రోగ్రాములే, అంటే ఇరవై పాతిక నానోమీటర్ల మందం. గాజు పలక మీద ముందు నీటిలో కరిగే పదార్థం పూసి, దానిపై కార్బన్‌ను ఆవిరి చేసి పట్టిస్తారు. తర్వాత పలకను ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి, నీటిలోకి దించుతారు. రేకు గాజును వదిలి నీటి మీద తేలుతుంది, పొగచూరిన రంగులో. దాన్ని కింద నుంచి చిన్న చట్రంతో ఎత్తి పట్టుకోవాలి. చెయ్యి వణికితే పోయినట్టే. యంత్రంలో పని చేసి వచ్చిన రేకును చూస్తే బీమ్ తగిలిన మచ్చ చుట్టూ ముడతలు కిరణాల్లా లోపలికి లాగినట్టు ఉంటాయి. నిరాకారంగా వేసిన కార్బన్, బరువైన అయాన్ల తాకిడికీ వేడికీ చిన్న చిన్న గ్రాఫైట్ పలకలుగా సర్దుకుంటూ, వెడల్పులో కుంచించుకుని మందంలో పెరుగుతుంది. చట్రం అంచుకు అతుక్కుని ఉంది కాబట్టి ఆ లాగుడుకు చివరికి చిరుగుతుంది. ఫాయిల్ తయారు చేసేవాళ్లు దాన్ని బిగువుగా కాకుండా కాస్త వదులుగా అమర్చడం ఇందుకే. మీ గైడ్ అన్న ‘గ్రాఫైట్ అవడం’ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నాకు తెలిసి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

‘మరి అయాన్లతోనే కదా వజ్రసదృశ పొరలు వేసేది, ఎస్పీ3 వచ్చేది’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఐసెన్‌బర్గ్, చాబో 1971లో కార్బన్ అయాన్ల బీమ్‌తో ఇలాంటి గట్టి పొరలు వేసి చూపించారు. తర్వాత తేలింది ఏమిటంటే, ఒక్కో అయానుకు 100 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ శక్తి ఉన్నప్పుడు ఎస్పీ3 ఎక్కువగా వస్తుంది. శక్తి బాగా తక్కువైతే అయాను పైనే అంటుకుని ఎస్పీ2గా స్థిరపడుతుంది. 100 దగ్గర ఉపరితలం కింద ఒకటి రెండు పరమాణు వరుసల్లోకి చొచ్చుకుపోయి అక్కడ ఇరుకు పెంచుతుంది, ఆ ఇరుకులో కార్బన్లు నాలుగు బంధాలకు ఒప్పుకుంటాయి. శక్తి ఇంకా పెరిగితే, వచ్చిన అయాను మిగులు శక్తి వేడిగా మారి ఆ ఇరుకును సడలిస్తుంది, ఎస్పీ3 మళ్లీ తగ్గుతుంది. ఆధారపు పలక 150, 200 డిగ్రీల సెల్సియస్ దాటినా ఇదే గతి. పొర పెరుగుతున్నప్పుడు కొత్త కార్బన్‌ను లోపలికి దూర్చే 100 ఎలక్ట్రాన్ వోల్టుల అయాను ఒకటి. పూర్తయిన పొరను చీల్చుకుపోయే మీ వెండి అయాను ఇంకొకటి. రెండింటినీ ఒకే మాటతో ‘అయాన్ వికిరణం’ అని పిలవడం వల్లే వ్యాసాల్లో ఇంత గందరగోళం.

వజ్రం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది మీ పని కాదు. వజ్రంలో ఘన సెంటీమీటరుకు సుమారు 10²² ఖాళీలు (పరమాణువు తప్పిపోయిన చోట్లు) పడేదాకా కొట్టినా, వేడి చేస్తే చాలావరకు తిరిగి వజ్రమే అవుతుంది. ఆ హద్దు దాటితే వేడి చేసినప్పుడు గ్రాఫైట్ అవుతుంది. ఆ గ్రాఫైట్‌ను రసాయనంతో తినేయించి పైనున్న పలుచని వజ్రపు పలకను విడదీసే పద్ధతి దీని మీదే నిలబడింది.

మీ పొర దగ్గరికి వద్దాం. ప్రతి వెండి అయాను తన బాట చుట్టూ ఒక సన్నని గొట్టం లాంటి ప్రాంతాన్ని మారుస్తుంది. ఆ గొట్టం వ్యాసార్థం 3 నానోమీటర్లు అనుకుని లెక్క కట్టండి. ఒక్కో గొట్టం 28 చదరపు నానోమీటర్లు ఆక్రమిస్తుంది. 10¹¹ అయాన్లకు పొరలో మారింది మూడు శాతం లోపు. 10¹² దగ్గర దాదాపు నాలుగో వంతు. 10¹³ దగ్గర గొట్టాలు ఒకదానిమీద ఒకటి పడి, ఇంకా ఏ అయానూ తాకని భాగం ఆరు శాతమే మిగులుతుంది. మీరు మూడు బిందువులే తీసుకున్నారు. కథంతా 10¹², 10¹³ మధ్యే జరుగుతుంటే ఆ మధ్యలో మీ దగ్గర ఏమీ లేదు. 3×10¹², 6×10¹² కొలిచి ఉంటే మార్పు వక్రం గొట్టాల లెక్కకు సరిపోతుందో లేదో తేలేది, అందులోంచి గొట్టం వ్యాసార్థం కూడా వచ్చేది. తదుపరి బీమ్‌టైమ్‌లో ఇవి తప్పకుండా పెట్టుకోండి. హైడ్రోజన్ లేని టెట్రాహెడ్రల్ పొరలో గిగా ఎలక్ట్రాన్ వోల్టు స్థాయి బంగారం, యురేనియం అయాన్లు వదిలే బాటలు పది నానోమీటర్ల స్థాయిలో ఉండి, కరెంటును మోసే గ్రాఫైట్ తీగల్లా పని చేస్తాయి. బాట పైన ఉపరితలం చిన్న బుడిపెలా లేస్తుంది. చుట్టూ అవాహకం, మధ్యలో ఒక్క అయాను గీసిన తీగ. దీన్ని పరమాణు బల సూక్ష్మదర్శినిలో మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తే.

మీ పొరలో మాత్రం అసలు పాత్రధారి హైడ్రోజన్ అని నా అనుమానం. ఇలాంటి పొరల్లో పరమాణువుల సంఖ్యలో మూడో వంతు, ఒక్కోసారి సగం వరకు హైడ్రోజనే ఉంటుంది. అయాను బాటలో కార్బన్-హైడ్రోజన్ బంధాలు గుంపుగా తెగుతాయి. పక్కపక్కనే విడిపోయిన రెండు హైడ్రోజన్లు కలిసి అణువుగా మారి, పొరలోంచి జారుకుని వాక్యూమ్‌లోకి పోతాయి. మిగిలిన కార్బన్లు చేతులు ఖాళీ అయి పక్కవాళ్లతో ఎస్పీ2 బంధం కలుపుకుంటాయి, వలయాలు కడతాయి, వలయాలు గుంపులవుతాయి. డీ నిష్పత్తి పెరగడం, జీ పైకి జరగడం దీనికి సరిపోతాయి. పొర పలుచబడుతుంది, రంగు ముదురుతుంది, నిరోధం బాగా పడిపోతుంది. కాబట్టి మీ గైడ్ మాట దిశ వరకు నిజమే. నేనైతే దాన్ని ‘గ్రాఫైట్ అవడం’ అనను, ‘హైడ్రోజన్ పోయి ఎస్పీ2 గుంపులు పెరగడం’ అంటాను. గ్రాఫైట్ అనే మాట విన్న పాఠకుడి మనసులో క్రమంగా పేర్చిన పలకలు మెదులుతాయి, మీ పొరలో అవి లేవు.

హైడ్రోజన్‌ను కొలవడానికి ఎర్డా అనే పద్ధతి ఉంది. బరువైన అయానుతో కొట్టి, ముందుకు ఎగిరిపడిన హైడ్రోజన్లను లెక్కపెట్టడం. కానీ కొలిచే బీమే హైడ్రోజన్‌ను తరిమేస్తుంది. కాబట్టి చివరి మొత్తం సంఖ్య ఒక్కటే రాసుకోకండి. డోసు పెరిగే కొద్దీ లెక్క ఎలా తగ్గుతోందో మొదటి నుంచి నమోదు చేసి, సున్నా డోసు వరకు వెనక్కి గీత గీయండి. బరువైన వేగవంతమైన అయాన్లతో చేస్తే ఈ తగ్గే వక్రమే మీకు కావలసిన సమాచారం, వికిరణం, కొలత రెండూ ఒకే ప్రయోగంలో అయిపోతాయి. హైదరాబాదుకు దగ్గరలో ఉన్నారు కాబట్టి, అక్కడ బార్క్‌కు (భాభా అణు పరిశోధన కేంద్రానికి) చెందిన పదార్థాల కూర్పు విశ్లేషణ కేంద్రంలో టాండెట్రాన్ అనే యాక్సిలరేటర్ ఉంది, అయాన్ బీమ్ విశ్లేషణ వాళ్ల రోజువారీ పని. అడిగి చూడండి.

రామన్ గురించి కాస్త పొడవుగానే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది జారిపడేది ఇక్కడే. ట్యూన్‌స్ట్రా, కోనిగ్ 1970లో గ్రాఫైట్ పలక చిన్నదయ్యే కొద్దీ డీ నిష్పత్తి పెరుగుతుందని చూపించారు. 514.5 నానోమీటర్ల లేజరుకు, నిష్పత్తి 1 అంటే పలక 4.4 నానోమీటర్లు. 2000లో ఫెరారీ, రాబర్ట్‌సన్ చెప్పింది, పలక రెండు నానోమీటర్ల కన్నా చిన్నదైతే ఈ సూత్రం తలకిందులవుతుందని: అక్కడ నిష్పత్తి పలక వైశాల్యంతో పాటు పెరుగుతుంది. అంటే అదే నిష్పత్తి 1, ఇటు 1.3 నానోమీటర్ల ముక్కకూ వస్తుంది. ఒకే సంఖ్య, రెండు ఇళ్ల చిరునామా. ఏ ఇల్లో తెలియాలంటే జీ శిఖరం వెడల్పు, స్థానం కలిపి చూడాలి. జీ సన్నగా, 1580కి పైన ఉంటే పెద్ద పలకల వైపు. వెడల్పుగా, 1550 చుట్టూ ఉంటే ముక్కల వైపు. మీది రెండోది, అందుకే మీ నిష్పత్తి పెరగడం అంటే గుంపులు పెరగడం. మీ స్నేహితురాలి పొర మొదటి ఇంట్లో మొదలై కొండ ఎక్కి, అవతలి వైపు దిగింది. గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందపు గ్రాఫైట్ పొర) మీద 2010లో బ్రెజిల్ బృందం 90 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్‌తో ఇదే కొండను విడమరిచి చూపింది: దెబ్బకూ దెబ్బకూ మధ్య సగటు దూరం మూడు నాలుగు నానోమీటర్లు ఉన్నప్పుడు శిఖరం.

ఇంకో మాట. కంటికి కనిపించే రంగు లేజరుకు ఎస్పీ2 బంధం, ఎస్పీ3 కన్నా 50 నుంచి 230 రెట్లు గట్టిగా పలుకుతుంది. మీ వర్ణపటంలో వినబడేదంతా ఎస్పీ2 గొంతే. ‘జీ శిఖరం ఇంత జరిగింది కాబట్టి ఎస్పీ3 ఇంత శాతం’ అని వికిరణం చేసిన పొరకు రాయకండి. పొర వేసేటప్పుడు ఎస్పీ3తో పాటు జీ జరిగే దారి ఒకటి, వేడితోనో అయాన్లతోనో ఎస్పీ2 గుంపులు కట్టేటప్పుడు జరిగే దారి ఇంకొకటి. ఎస్పీ3 మారకుండానే జీ జరగవచ్చు. అతినీల లోహిత లేజరుతో 1060 దగ్గరి శిఖరం చూడటమో, ఎలక్ట్రాన్ల శక్తి నష్ట వర్ణపటం తీయడమో చేయాలి. రెండోదానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెడతారు కాబట్టి ఒక జాగ్రత్త: 200 కిలోవోల్టుల ఎలక్ట్రాన్లు కూడా కార్బన్‌ను చోటు కదిలిస్తాయి. 80కి దించి, త్వరగా కొలవండి. మీ వర్ణపటంలో వెనుక వాలుగా ఉండే కాంతి నేపథ్యం తగ్గిందని కూడా రాశారు. అది హైడ్రోజన్ తగ్గినందుకు సూచన కావచ్చు, అయాను చేసిన లోపాలు ఆ కాంతిని ఆర్పేసినందువల్లా కావచ్చు. దాని నుంచి హైడ్రోజన్ శాతం లెక్క కట్టే సూత్రం తాజాగా వేసిన పొరలకు ఉద్దేశించినది, మీ 10¹³ పొరకు వాడకండి.

ఇప్పుడు బీమ్ హాలు విషయాలు. నా పరిశోధన మొదటి ఏళ్లలో ఒక పొర మీద బీమ్ ఆకారంలోనే చక్కని గోధుమరంగు మచ్చ వచ్చింది. పొర మారిందన్న ఉత్సాహంతో వర్ణపటాలు తీసి, గ్రాఫులు కూడా గీశాను. ఖాళీ సిలికాన్ ముక్క మీద కూడా అదే మచ్చ కనబడినప్పుడు తెలిసింది, అది పంపు నూనె ఆవిరి బీమ్ కింద పగిలి పేరుకున్న కార్బన్ అని. నాలుగు నెలల పని పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్రతి పరుగులో పొర లేని సిలికాన్ ముక్క ఒకటి పక్కనే అతికిస్తాను. మీరు కూడా అతికించండి, కార్బన్ మీద కార్బన్ పేరుకుంటే వేరు చేసి చెప్పే దారి ఇంకొకటి లేదు.

డోసు లెక్కలో అయాను ఆవేశ సంఖ్యతో భాగించారా? వెండి 7 ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని వస్తే, బీమ్ కరెంటును కొలిచే ఫారడే కప్ చూపే 7 నానో ఆంపియర్లు నిజానికి ఒక నానో ఆంపియరు అయాన్లే. అది సెకనుకు 6.2×10⁹ అయాన్లు, చదరపు సెంటీమీటరు మీద 10¹³ పడటానికి 27 నిమిషాలు. మీ లాగ్ పుస్తకంలో ఆ పరుగు నాలుగు నిమిషాలే అని ఉంటే ఆ 10¹³ నిజం కాదు, దాదాపు 1.5×10¹² మాత్రమే. వేడి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ఒక నానో ఆంపియరు అయాన్లు అంటే 0.1 వాటు. చూడ్డానికి తక్కువే, కానీ శూన్యంలో, రెండు చుక్కల వెండి జిగురు మీద నిలబడిన ముక్కకు ఆ వేడి పోయే దారి సన్నం. మీ స్నేహితురాలి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ ఒక మైక్రో ఆంపియరు దగ్గర ఇచ్చేదీ సరిగ్గా అదే 0.1 వాటు. ఇద్దరూ ముక్క వెనక థర్మోకపుల్ పెట్టి ఉష్ణోగ్రత కొలవండి.

అయాను ఎంత లోతుకు పోతుందో లెక్కగట్టే స్రిమ్ ప్రోగ్రాం గురించి అడిగారు. దూరం, శక్తి నష్టం వరకు నిశ్చింతగా వాడండి. సాంద్రత దగ్గర మాత్రం గ్రాఫైట్ విలువను అలాగే వదలకండి, మీ పొర కొలిచిన సాంద్రత, హైడ్రోజన్ శాతం ఇవ్వండి. ఖాళీల సంఖ్యను మొత్తం నష్టం అనుకోకండి. అది పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర, ప్రతి అయానూ తాజా పొరనే తాకినట్టు లెక్కిస్తుంది, తగిలిన వెంటనే మళ్లీ సర్దుకునే పరమాణువుల ఊసు అందులో ఉండదు. మీ వెండి అయాన్ల విషయంలో ఇంకా ముఖ్యమైన లోటు ఉంది: ఎలక్ట్రాన్లకు పోయిన శక్తి బంధాలు తెంపుతుందన్న సంగతే అది పట్టించుకోదు. అందువల్ల అది చూపే అతి చిన్న ఖాళీల సంఖ్యకూ మీకు కనిపించిన మార్పుకూ పొంతన కుదరదు. కుదరకపోవడమే, ఆ మార్పు ఎలక్ట్రాన్ల దారిన వచ్చిందనడానికి మీ దగ్గరున్న ఆధారం. ఆ వాక్యం వ్యాసంలో పెట్టండి.

ఫుల్లరిన్ (బంతి ఆకారపు కార్బన్ అణువుల) పొర మీద కూడా చేయాలని ఉందన్నారు. చేయండి. తక్కువ డోసులో బంతులు పక్కబంతులతో బంధాలు కలుపుకుంటాయి, 1469 దగ్గరి సన్నని శిఖరం పక్కన 1459 దగ్గర భుజం లేస్తుంది. డోసు పెంచితే బంతులే పగిలి నిరాకార కార్బన్ మిగులుతుంది. ఒక్క జాగ్రత్త, రామన్ లేజరు కూడా బంతులను అలాగే కలుపుతుంది. లేజరు శక్తిని బాగా తగ్గించి, వికిరణం చేయని ముక్క మీద అదే సమయం పాటు కొలిచి, 1459 లేవలేదని ముందు తేల్చుకోండి.

ఇక ఇప్పుడు మీ చేతిలో ఉన్న మూడు ముక్కలతో ఏం చేయాలంటే, ముందుగా అంచు దగ్గర, బిగింపు పట్టీ కింద వికిరణం తగలని చోటు నుంచి తగిలిన చోటికి, ఉపరితలపు ఎత్తుపల్లాలు కొలిచే ప్రొఫైలోమీటరు నడపండి. మెట్టు దిగితే హైడ్రోజన్ పోయిందన్న అనుమానానికి బలం, పైకి లేస్తే నా ఊహ తప్పు, సాంద్రత తగ్గిందన్నమాట. ఆ తర్వాత 10¹¹ ముక్కను, ఛాంబర్‌లోనే ఉండి బీమ్ తగలని ముక్కను ఒకే రోజు, ఒకే లేజరు శక్తితో, ఒక్కొక్కదాని మీద పది చోట్ల రామన్ తీయండి. 10¹¹ దగ్గర మూడు శాతమే మారుతుందని లెక్క చెబుతోంది కాబట్టి ఆ రెండింటి మధ్య తేడా కనిపించకూడదు. కనిపిస్తే మీ డోసు లెక్క అయినా, పొర ఏకరూపత అయినా ముందు సరిచూసుకోవాలి. ఆ పది చోట్ల అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, మీ స్నేహితురాలి పొర అంకెలతో పక్కపక్కన పెట్టి చూద్దాం.